గుడ్లగూబ దూరిన ఇల్లు

పత్రికలో డెస్కు మీద ఉన్నన్నాళ్లూ నాకు జంతువుల వార్తలు రెండే రకాలు. జంతువు మనిషిని చంపితే మొదటి పేజీ, మనిషి జంతువును చంపితే జిల్లా పేజీలో కింద మూల. రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డాక మూడో రకం కూడా ఉందని తెలిసింది. ఎవరూ ఎవరినీ చంపకపోవడం, ఊరికే బతికి ఉండటం. దాన్ని కూడా నమోదు చేసేవాళ్లు ఉన్నారు. ఆదివారం తెల్లారేసరికి కొండవీడు మెట్ల మీదో కాలవ గట్ల మీదో తిరిగి, ఏ పిట్ట ఎక్కడ వాలిందో, ఏ నక్క ఏ డొంకలో కనిపించిందో ఫోనులో ఎక్కించుకుంటారు. అది ఎవరికో ఎప్పుడో పనికొస్తుందని నమ్ముతారు. పొద్దుటి నడకకు తోడు కావాలని వాళ్లతో కలిశాను.

వాళ్లలో అందరికంటే మొండివాడు ఒక రిటైరైన జువాలజీ లెక్చరరు. ఆయన ఊరు క్రోసూరు దాటాక కాలవ కింద ఉంటుంది. ఉద్యోగం అయిపోగానే ఆ ఊరికి తిరిగి వెళ్లి, తన మాగాణిలో అక్కడక్కడా ఇనప స్తంభాలు పాతించి, ఒక్కోదాని నెత్తిన ఒక్కో చెక్క పెట్టె బిగించాడు. తెల్ల గుడ్లగూబలు గుడ్లు పెట్టుకోవడానికి. అవి తొర్రల్లోనూ పాత మట్టిగోడల సందుల్లోనూ ఉండేవి. చెట్లు పోయాయి, గోడలు సిమెంటువి అయ్యాయి, అందుకని పెట్టెలు. పిల్లల్ని సాకే కాలంలో ఒక్క జంట చుట్టుపక్కల చేలల్లో ఎలుకల్ని ఊడ్చేస్తుందని, ఇక మందు పెట్టే పని ఉండదని ఆయన లెక్క. ఊళ్లో ఆ పక్షిని చావుపిట్ట అంటారు. వడ్రంగికి పావురాల పెట్టెలని చెప్పి చేయించాడట. నిజం తెలిశాక ఆ వడ్రంగి ఆయన ఇంటి కిటికీ రెక్క ఊడినా బిగించడానికి రాలేదు.

లెక్చరరుకు పిట్టలతో ఉన్న ఓపిక మనుషులతో లేదు. గుడ్లగూబ ఎలుకను అట్లాగే మింగి, అరగని ఎముకలూ బొచ్చూ ఉండగా చుట్టి కక్కేస్తుంది. పెట్టె కింద ఆ ఉండలు ఏరుకొచ్చి, టీ కొట్టు బల్ల మీద పేపరు పరిచి, సూదితో విప్పి ఎలుక పుర్రెలు బయటికి తీసేవాడు. పక్కన జనం టీ తాగుతూనే ఉండేవాళ్లు.

"ఏంది లెక్చరర్ గారూ, చావుపిట్టలకి ఇళ్లు కట్టిస్తన్నారంట. గృహప్రవేశానికి పిలవలేదే?" అని ఒక రైతు అడిగాడు ఒకసారి.

"నిన్ను పిలిస్తే నీ చేలో ఎలుకలు కూడా వస్తాయిరా. అందరికీ భోజనాలు నేను పెట్టలేను" అన్నాడు ఈయన. నవ్వింది ఆయన ఒక్కడే.

నాతో నడిచేటప్పుడు ఇంకా ముదురుగా మాట్లాడేవాడు. "వీళ్లకి ఎలకలమందు తాగి చావడం వచ్చు. ఎలుకను తినేదాన్ని చూస్తే మాత్రం గుండె ఆగుద్ది" అనేవాడు. మందు తాగి చనిపోయిన రైతుల గురించి నేను నా సర్వీసులో రాసినన్ని వార్తలు మరే విషయం మీదా రాయలేదు. ఆ మాట నాకు నచ్చలేదని చెప్పాను. నచ్చక్కర్లేదు, నిజమైతే చాలు అన్నాడు.

ఆయన అన్న ఆ ఊరికి రెండుసార్లు సర్పంచిగా చేశాడు. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు అంటారు, పదవి పోయినా పిలుపు పోదు. నేను చూసేనాటికి ప్రెసిడెంటు గారికి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. అన్నదమ్ములది ఒకే పాత మిద్దె. తల్లి పోయాక నడిమధ్య గోడ పెట్టి పంచుకున్నారు. అన్న మంచం ఆ గోడకు అటు, తమ్ముడి పుస్తకాల బీరువా ఇటు. అన్న దగ్గితే తమ్ముడికి వినిపిస్తుంది. కానీ ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు వెళ్లరు.

దానికి కారణం ఒక ఒట్టు. పంపకాల రోజున లెక్చరరు టేపు తెచ్చి వాకిలి అంగుళాల్లో కొలిపించాడట. గోడ సరిగ్గా వదినగారి వంటగది మీదుగా పడింది. ఆమె అడ్డుపడితే, "ఇన్నాళ్లు ఉమ్మడి గింజలతో ఊరందరికీ వండి పెట్టి ఓట్లు కొన్నారు, ఇక ఆ పొయ్యితో పని లేదులే వదినా" అన్నాడు, పెద్దమనుషుల ముందు. ఆమె లేచి భర్త నెత్తిన చెయ్యి పెట్టి, తాను గానీ ఆయన గానీ ఆ గడప తొక్కితే ఆయన ఉండడని ఒట్టేసింది. కొన్నేళ్లకు ప్రెసిడెంటు ఒక మధ్యాహ్నం ఆమెకు చెప్పకుండా తమ్ముడి వసారాలో కూర్చుని కాఫీ తాగి వచ్చాడు. ఆ ఏడు తిరక్కుండానే కుడి వైపు పడిపోయింది. బీపీ మాత్రలు మానేశాడని డాక్టరు చెప్పాడు. ఆమెకు డాక్టరు మాట అక్కర్లేదు. అప్పటినుంచి ఆమెకు ఆ ఒట్టు మాట కాదు, తాకితే కొట్టే కరెంటు తీగ.

ఇవన్నీ నేను విన్నవి. ఇక చెప్పబోయేవి చూసినవి.

ఎండలు ముదరడానికి ముందు ఒక ఆదివారం, పొలాల్లో పెట్టెలు చూసి వచ్చి లెక్చరరు వసారాలో టీ తాగుతున్నాం. కాలవ దగ్గర పెట్టెలో పిల్లలున్నాయి. గుడ్లగూబ పిల్లలన్నీ ఒకేసారి పుట్టవు, ఒకదాని తర్వాత ఒకటి గుడ్డు చీల్చుకుని వస్తాయి. పెద్దది అప్పటికి ఎగిరిపోయింది. చిన్నవి ఇంకా తెల్లటి నూగుతో పెట్టెలోనే ఉన్నాయి. ఆ ఎగిరింది ఎటు పోయిందోనని ఆయన దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చాడు.

గోడకు అటువైపు నుంచి అరుపు వినిపించింది. తర్వాత పాము బుస కొట్టినట్టు ఒక చప్పుడు. ఆ చప్పుడు వినగానే లెక్చరరు టీ గ్లాసు కింద పెట్టి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, ఏళ్లుగా తొక్కని అన్న గడప దాటి లోపలికి నడిచాడు. వెనకే నేను.

అది అన్న గదిలో బట్టల బీరువా మీద కూర్చుని ఉంది. వెంటిలేటర్‌లోంచి వచ్చినట్టుంది. గుండెకాయ ఆకారంలో తెల్లటి ముఖం, అటూ ఇటూ ఊగుతూ బుసలు. వదినగారు తలుపు మూల చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మంచం మీద ప్రెసిడెంటు మాత్రం దాన్నే చూస్తున్నాడు. పనిచేసే ఎడమ వైపు పెదవి పైకి లేచి ఉంది. ఆ నవ్వు నేను స్పష్టంగా చూశాను, అందుకే రాస్తున్నాను.

లెక్చరరు తువ్వాలు కప్పి దాన్ని పట్టుకున్నాడు.

"పిల్ల వదినా. దారి తప్పింది. ఇంకా ఎగరడం సరిగా రాలేదు."

"నీ పిట్టే గదా?"

"నా పెట్టెలోదే."

"అయితే నీ పిట్టని నువ్వు తీసుకపో. అది తెచ్చింది మాత్రం ఈడనే ఉంటది" అంది ఆమె.

మధ్యాహ్నానికి ప్రెసిడెంటు కొడుకు నరసరావుపేట నుంచి కారులో దిగాడు. బీటెక్ చదివి, కొన్నాళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, తండ్రి పడిపోయాక వచ్చి వ్యాపారమూ రాజకీయమూ అందుకున్నవాడు. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో తండ్రి కుర్చీ కోసం నిలబడాలని చూస్తున్నాడు. సిద్ధాంతిని వెంటబెట్టుకునే వచ్చాడు.

మా వైపు గుడ్లగూబ దూరిన ఇంటిని పాడుపెట్టాలంటారు. మనుషులు, సామాను బయటికి పోవాలి. పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, తాళం వేసి ఉంచాలి. సిద్ధాంతి చెప్పిన గడువు తీరాక శాంతి చేయించి, మళ్లీ పాలు పొంగించుకుని లోపలికి వెళ్లాలి. అలా చేయకపోతే ఆ ఇంట్లో చావు తప్పదని నమ్మకం. సిద్ధాంతి పంచాంగం తిప్పి మూడు నెలలన్నాడు.

"ఒకే కప్పు, ఒకే దూలం. మరి నా వైపు దోషం లేదా?" అన్నాడు లెక్చరరు, గుమ్మంలో నిలబడి.

"గోడ పడ్డాక రెండు ఇళ్లేనండీ. మీ వాకిలి తూర్పు, వాళ్లది ఉత్తరం. మీకు అంటదు" అన్నాడు సిద్ధాంతి.

"మంచిది. నాకు అంటకపోతే మా అన్న మంచం గోడకు ఇవతల వేయండి. నాలుగు అడుగులు. ఆయన గది, నా గది ఒకటే కొలత. ఫ్యాను ఉంది, బాత్రూము ఉంది. ఏసీ కూడా పెట్టిస్తా."

ఆ మాటతో ఆ గదిలో అందరూ వదినగారి వైపు చూశారు. మంచం మీద మనిషి కూడా చూశాడు. ఆమె ఎవరినీ చూడలేదు.

"పిట్ట దూరిన ఇంట్లో ఉంటే ఈయన పోతాడు. నీ గడప తొక్కినా ఈయన పోతాడు. నన్ను ఎట్టా చంపమంటావు అయితే?" అంది.

లెక్చరరు అన్న కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు ఇంజనీరువిరా. నువ్వు నమ్ముతున్నావా?"

"నాకు నమ్మకం లేదు బాబాయ్" అన్నాడు అతను, చాలా మామూలుగా. "నమ్మేవాళ్ల ఓట్లు కావాలి."

ఊళ్లో వాళ్లకు అద్దె ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. గుడ్లగూబ దూరిన ఇంటి మనుషుల్ని ఎవరు రానిస్తారు? నరసరావుపేటలో కొడుకు ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మంచం ఎక్కదు అన్నాడు. కింద అంతస్తులో ఇల్లు చూడొచ్చు కదా అన్నాను నేను. చూస్తా సార్ అన్నాడు. చూడలేదు. మనిషిని తీసుకెళ్లి కాలవ గట్టు దగ్గర మిరప కల్లంలోని రేకుల షెడ్డులో పెట్టారు.

మంచం ఎత్తేటప్పుడు ప్రెసిడెంటు ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకున్నాడు. నలుగురు మోస్తున్నారు, వాళ్లకు తెలియలేదు. మంచం కదిలింది గానీ మనిషి కదల్లేదు. వదినగారు వచ్చి ఒక్కో వేలూ విడదీసింది. "ఒక్క మూణ్ణెల్లేనయ్యా. నిన్ను బతికించుకోడానికేగా" అంటూ విడదీసింది. ఆయన వదిలాడు. కిటికీ వైపే చూస్తూ వెళ్లాడు.

ఆ షెడ్డు గురించి చెప్పాలి. ధర పెరిగేదాకా ఆపిన మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఒక వైపు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మిగిలిన జాగాలో మంచం, ఒక టేబుల్ ఫ్యాను, గ్యాసు పొయ్యి, మూత్రం సంచీ తగిలించే మేకు. పల్నాటి ఎండలో రేకు కింద ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాను తిరిగితే మిరప ఘాటు లేస్తుంది. ఆపితే ఉడుకుతుంది. ఆయన దగ్గేవాడు. దగ్గడానికి కూడా సగం ఒళ్లే సహకరించేది. మధ్యాహ్నాలు వదినగారు గోనెపట్టాలు తడిపి రేకు మీద పరిచేది. అవి చూస్తూ ఉండగానే ఆరిపోయేవి. ఆమె కింద చాప మీద పడుకునేది. ఒళ్లంతా చెమట పొక్కులు లేచాయి. కొడుకు రోజు విడిచి రోజు వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి మాట్లాడి వెళ్లేవాడు. కోడలు ఒక్కసారి వచ్చింది. పిల్లలకు మిరప ఘాటు పడదని కారులోంచి దిగలేదు.

లెక్చరరు సాయంత్రాలు అక్కడికి వెళ్లేవాడు. షెడ్డు ఎవరి గడపా కాదు కాబట్టి వదినగారికి అభ్యంతరం లేదు. కాలవ దగ్గరి గుడ్లగూబల పెట్టె అక్కడికి కనుచూపు మేరలోనే ఉంది. చిన్న పిల్లలు పెరుగుతున్నాయి. చీకటి పడుతుండగా తల్లి, తండ్రి వంతులవారీగా ఎలుకల్ని తెచ్చేవి. అన్న మంచాన్ని బయటి వసారాకు లాగి, అటు తిప్పి పెట్టి, ఆయన పక్కనే కుర్చీ వేసుకుని వాటి రాకల్ని ఫోనులో ఎక్కించుకునేవాడు. కొన్ని ఆదివారాలు నేనూ కూర్చున్నాను. ఒకసారి లెక్చరరు నాతో మాట్లాడుతూ ఒక రాకను చూడలేదు. మంచం మీద ఎడమ చేతి వేలు లేచింది. అప్పుడు మేం అటు చూశాం. తెల్లటి రెక్కలు పెట్టె అంచున మడుచుకుంటున్నాయి.

తర్వాత అది ప్రెసిడెంటు పని అయిపోయింది. వేలు లేస్తే లెక్చరరు ఫోనులో నొక్కుతాడు. ఇద్దరన్నదమ్ములూ అంతసేపు ఒకచోట కూర్చోవడం గోడ పడ్డాక అదే మొదలని వదినగారే నాతో చెప్పింది. ఆమె అది సంతోషంగా చెప్పలేదు, దుఃఖంగానూ చెప్పలేదు.

అట్లాంటి ఒక సాయంత్రమే ప్రెసిడెంటు ఆమెను దగ్గరికి రమ్మన్నట్టు చూశాడు. దిండు సర్దమన్నాడేమో అనుకుని ఆమె వంగింది. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి తన నెత్తిన పెట్టుకున్నాడు. కాసేపు ఉంచాడు. తర్వాత అక్కడినుంచి ఏదో తీస్తున్నట్టు గుప్పిట మూసి, చెయ్యి బయటికి చాపి, మంచం పట్టె మీద గుప్పిట విప్పాడు. ఎవరికీ వివరించే అవసరం లేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం మా ఊళ్లల్లో చిన్నప్పుడు అందరూ ఆడిన ఆటే. ఎవరి మీద ఒట్టు పడిందో వాళ్లే దాన్ని తీసేయొచ్చు. ఇంటికి తీసుకుపొమ్మంటున్నాడు. గోడకు ఇటువైపైనా సరే.

లెక్చరరు కుర్చీలోంచి లేచాడు. "చూశావుగా వదినా. తీసేశాడు. రేపు పొద్దున్నే మంచం ఎత్తిద్దాం."

ఆమె చాలాసేపు ఆ పట్టె వైపే చూసింది.

"నోటితో చెప్పాలి" అంది.

"ఆయనకు నోరెక్కడుంది?"

"నోటితో వేసింది నోటితోనే పోవాలి. ఊరికే చేత్తో తీసి, రేపు ఏమన్నా అయితే? నువ్వు తెస్తావా మనిషిని?"

"ఇక్కడుంటే నువ్వు ఉంచుతావా?"

ఆమె దిండు సర్ది లోపలికి వెళ్లింది. ప్రెసిడెంటు మళ్లీ చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. అట్లా ఇంకొన్నిసార్లు చేశాడు. చూడలేక నేను కాలవ వైపు నడిచాను.

షెడ్డు దగ్గర రోజూ గుడ్లగూబలు తిరుగుతున్నాయన్న సంగతి ఊళ్లోకి వెళ్లింది. వాటిని ఇల్లు మారినా వదలని శనిగా చెప్పుకున్నారు. ప్రెసిడెంటు గారిని వాటికి చూపించి మరీ కూర్చోబెడుతున్నాడు తమ్ముడు, ఆస్తి పంచుకున్నది చాలక, అన్నారు. ఈ రెండో మాటను పుట్టించింది అవతలి వర్గం అనుకుంటాను. కొడుక్కి అదే తగిలింది. అతను బాబాయిని టీ కొట్టు దగ్గర అందరి ముందూ మర్యాదగా అడిగాడు.

"ఆ ఒక్క స్తంభం తీసెయ్ బాబాయ్. మిగతావి ఉంచుకో."

"పిల్లలున్నాయి. ఇంకో వారంలో ఎగిరిపోతాయి. అప్పుడు తీస్తా."

"వారం ఆగితే నాకు ఊళ్లో ఒక వార్డు పోద్ది."

"పోనీ. నీ అయ్య పోతన్నాడు, ఆ లెక్క వెయ్యి ముందు" అన్నాడు లెక్చరరు. మెల్లగా చెప్పగలిగిన మాట అది. అందరికీ వినబడేలా అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన నాకు ఫోను చేశాడు. నేను బస్సు దిగి కల్లం చేరేసరికి ట్రాక్టరు అక్కడే ఉంది, ఓ పదిమంది ఉన్నారు. స్తంభానికి మోకు కట్టి లాగారు. అది వంగి, నేల మీద పడి, పెట్టె పగిలింది. లెక్చరరును ఇద్దరు చెరో భుజం పట్టుకుని ఉన్నారు. గట్టిగా కూడా కాదు, పెళ్లిలో పెద్దాయన్ని పట్టుకున్నట్టు. ఆయన పెనుగులాడటం లేదు. "వన్యప్రాణి చట్టం కింద కేసురా ఇది" అంటున్నాడు, పాఠం చెప్పే గొంతుతో.

"పెట్టు బాబాయ్. అన్న కొడుకు మీద కేసు పెట్టిన లెక్చరరు అని పేరొస్తది" అన్నాడు ప్రెసిడెంటు కొడుకు. నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. "పేపర్లో వెయ్యమాకండి సార్."

"నేను రిటైరయ్యాను."

"రిటైరైనోళ్లే ఎక్కువ రాస్తారు గదా" అని నవ్వాడు.

పిల్లలు పగిలిన చెక్కల మధ్య వెల్లకిలా పడి, గోళ్లు పైకెత్తి బుసలు కొడుతున్నాయి. చేత్తో పట్టుకోవడానికి అందరికీ భయం. ఒకతను పారతో వాటిని ఖాళీ మిరప సంచీలోకి తోసి మూతి కట్టాడు. కాలవలో పడేద్దామని ఒకరన్నారు. నీళ్లకు దోషం అంటుతుందని ఇంకొకరన్నారు. తగలబెడితే పొగ షెడ్డు మీదికి పోతుంది. ఇది ఇలా కాసేపు నడిచింది. పెళ్లి భోజనాలకు కూరలు తేల్చుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు. చివరికి డ్రైవరు సంచీని ట్రాక్టరు పెద్ద టైరు ముందు పెట్టమన్నాడు. ముందుకొకసారి, వెనక్కొకసారి పోనిచ్చాడు. సంచీలోంచి బుస ఆగిపోయింది. టైరుకు ఏమీ అంటకపోవడం చూసి, పని శుభ్రంగా అయిందన్నాడు ఒకతను.

షెడ్డు వసారాలో ప్రెసిడెంటు మంచం సాయంత్రాలు వేసినట్టే అటు తిరిగి ఉంది. దాన్ని ఇటు తిప్పాలని ఎవరికీ తట్టలేదు. వదినగారు లోపల జావ కాస్తోంది. నేను వెళ్లి మంచం తిప్పేసరికి చూడవలసిందంతా ఆయన చూసేశాడు. కళ్లలో నీళ్లు లేవు. తన కొడుకునే చూస్తున్నాడు. చాలా పంచాయతీలు తీర్చిన మనిషి చూసే చూపు అది, అవతలివాడు చెప్పేదంతా విన్నాక చూసే చూపు.

లెక్చరరు ఆ రోజు ఫోనులో పిల్లల సంఖ్య ఎదురుగా, చనిపోయాయి అని ఎక్కించాడు. కారణం అన్న చోట మనుషులు అని రాశాడు. కేసు పెట్టలేదు. అటవీ శాఖ వాళ్లు వస్తే వాంగ్మూలానికి అన్నను కూడా అడుగుతారని, ఆ స్థితిలో ఆయన్ని కదపలేనని నాతో అన్నాడు. అది నిజమో, మనసు రాలేదో నేను అడగలేదు.

సాయంత్రం తల్లి గుడ్లగూబ నోట ఎలుకతో వచ్చి, స్తంభం ఉండాల్సిన చోట గాలిలో తిరిగి తిరిగి, మిరపకాయలు ఆరబోసే పట్టా మీద దాన్ని వదిలేసి వెళ్లింది. లెక్చరరు అన్న చేతి వైపు చూశాడు. వేలు లేవలేదు.

ఆ తర్వాత ప్రెసిడెంటు జావ మింగలేదు. చెంచా పెడితే నోట్లోనే ఉంచుకునేవాడు. వంచితే పక్కకు కారిపోయేది. క్రోసూరు డాక్టరు వచ్చి సెలైను పెట్టి, ఎండదెబ్బ అన్నాడు, నరసరావుపేట తీసుకెళ్లమన్నాడు. అంబులెన్సు వచ్చేలోపు, మిట్టమధ్యాహ్నం, ఆ రేకు కిందే ప్రాణం పోయింది. నేను సాయంత్రానికి చేరాను. అప్పటికే ఊళ్లో మాట స్థిరపడిపోయింది. చావుపిట్ట ఇంట్లో దూరితే మనిషిని తీసుకుపోకుండా పోతుందా? టీ కొట్టు దగ్గర ఆ మాట నాకు కనీసం ముగ్గురు వేరు వేరుగా చెప్పారు. తీసుకుపోయింది ఏది అని నేను ఎవరినీ అడగలేదు. అడిగినా అర్థమయ్యేది కాదు, నా ప్రశ్నకు వాళ్ల దగ్గర ముందే జవాబుంది.

శవాన్ని ఊళ్లోకి తెచ్చారు. ఇంటి ముందు నుంచే పాడె లేవాలి. కానీ ఇల్లు ఇంకా పాడులో ఉంది, గడువు తీరలేదు. తాళం తీయకూడదన్నాడు సిద్ధాంతి. కొడుకు గేటు ముందు వీధిలో బల్ల వేయించి, దాని మీద తండ్రిని పడుకోబెట్టాడు. షామియానా క్రోసూరు నుంచి రావాలి. అప్పటికి నీడ లేదు, పడమటి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. బంధువులు, పార్టీ వాళ్లు, దండలు. కొడుకు అందరికీ చేతులు జోడిస్తున్నాడు, ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు అబద్ధమని నేను అనను.

లెక్చరరు తన గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచాడు. వసారా కడిగించి, చాప వేయించి, తల దగ్గర దీపం కూడా సిద్ధం చేశాడు. జనాన్ని తప్పుకుంటూ వదినగారి దగ్గరికి వచ్చాడు. ఆమె బల్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది, చేత్తో ముఖం మీది ఈగలు తోలుతోంది.

"లోపలికి తెద్దాం వదినా. నా వైపు."

ఆమె తల ఎత్తలేదు.

"ఒట్టు ఆయన మీదే గదా వేశావు" అన్నాడు లెక్చరరు. "ఆయనే లేడు. ఇంక గడప తొక్కితే ఎవరు పోతారు?"

దగ్గరున్న ఆడవాళ్లు ఏడుపు ఆపారు. ఆ మాట అనకుండా ఉండవలసింది. కానీ ఆయన జీవితమంతా ఏ మాటా అనకుండా ఉండలేదు.

ఆమె అప్పుడు మరిదిని చూసింది. కోపం లేదు. ఎండకు పొక్కిన ముఖం, ఎర్రబడ్డ కళ్లు.

"నాకు తెలుసయ్యా, ఇప్పుడు తొక్కొచ్చు" అంది. "ఇప్పుడు తొక్కానంటే, అప్పుడూ తొక్కొచ్చు అని తేలిపోద్దిగా. నాలుగు అడుగులు వెయ్యక ఈయన్ని ఆ రేకు కింద కాల్చింది నేనే అని తేలిపోద్దిగా. అది నేను మొయ్యలేను. వీధిలోనే ఉండనీ."

లెక్చరరు తన గేటు వైపు తిరిగాడు. లోపలికి వెళ్లి ఒక దుప్పటి తెచ్చాడు. రెండు మూలలు కొడుక్కి ఇచ్చి, రెండు మూలలు తాను పట్టుకున్నాడు. షామియానా వచ్చేదాకా ఇద్దరూ ఆ దుప్పటిని శవం ముఖానికి నీడగా పట్టుకుని నిలబడ్డారు. చేతులు లాగుతుంటే కొడుకు మధ్యలో ఒకసారి దించాడు. ఎండ ముఖం మీద పడింది. వదినగారు కిందినుంచి అతని మోచేతిని పైకి తోసింది.

పొద్దు వాలాక అదే వీధిలోంచి పాడె లేచింది.